కళింగపట్నం బంగళాకి పనస చెక్క

పద్మా,

నువ్వు పొందూరు నుంచి వచ్చేలోగా నేను మళ్లీ కళింగపట్నం బస్సెక్కేస్తాను. చెక్క నున్నచేసే చిన్న చిత్రిక కోసం ఇంటికి వచ్చాను. కోళ్లకి నూకలు వేశాను. వాన పడితే పెరట్లో చెక్కలు లోపల పెట్టించు.

బంగళా హాలు గోడకి వెయ్యమని ఆ ఇంటి అమ్మగారు పత్రికలో బొమ్మ చూసి తెప్పించిన ప్లాస్టిక్ పూత వేసిన అట్ట రేకులు నేను వెయ్యలేదని నీకు చెప్పాను కదా. ఒకటి బిగించి చూస్తే సముద్రపు చెమ్మకి ఉబ్బిపోయింది. అడుగుదామంటే ఆవిడ ఊళ్లో లేరు. బొబ్బిలి వీణల వాళ్ల దగ్గర పనస చెక్క తెచ్చి బిగించేశాను. నిన్న ఆవిడ వచ్చారు.

"ఏటి జగన్నాధం, నాను సెప్పిందేటి, నువ్వు సేసిందేటి?" అన్నారు.

ఉబ్బిన రేకు తెచ్చి చూపించాను. ఆవిడ అది చూసి, గోడని చేత్తో నిమిరి, "పడగ్గదులక్కూడా ఇదే ఎయ్యి" అన్నారు. అప్పటిగ్గాని నాకు ఊపిరాడలేదు. పది రోజుల తరవాత నిన్న కడుపునిండా తిన్నాను.

"సెప్పినట్టు సేస్తే నీకేటి పోయింది మావా" అని అప్పుడు నువ్వు సాధించడం మాత్రం నేను మరిచిపోలేదు. భయంతో అన్నావని తెలుసులే. ఇంక నిశ్చింతగా ఉండు.

జగన్నాధం

మన వంటింటి అలమారకి తలుపుల కొలత తీసుకున్నాను. మూడేళ్లుగా అడుగుతున్నావు. శనివారం వచ్చి బిగిస్తాను.