మట్టయ్య మామ తెచ్చిన ఆరు వందల డెబ్బై ఒకటి

కొత్తపేట,
గురువారం మధ్యాహ్నం.

శ్రీవారికి,

నాగేశ్వరి నమస్కారాలు. ఇక్కడ నేను, మన అమ్మాయి జ్యోతిక, అత్తమ్మ, పై అంతస్తులో మీ తమ్ముడి వాళ్లు, అందరం ఒంట్లో బాగానే ఉన్నాం. మనసుల సంగతి కింద రాస్తాను. ఆ కొండల్లో, ఆ సొరంగం పనిలో మీరు కూడా ఏ చీకూచింతా లేకుండా ఉండాలని రోజూ దేవుడికి దండం పెట్టుకుంటున్నాను.

మీ ఉత్తరం అరుణాచల్ నుంచి రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఫోనులో చెప్పొచ్చు కదా అంటారేమో. మీ ఆఫీసు ఫోను వారానికి పది నిమిషాలు దొరుకుతుంది. మీ వెనక పది మంది లైన్లో ఉంటారు, నా వెనక అత్తమ్మ ఉంటుంది. ఇప్పుడు చెప్పబోయేది అలా చెప్పేది కాదు.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. అత్తమ్మ మోకాలికి దవాఖానలో సూది వేయించాను. ఇప్పుడు మెట్లు ఎక్కగలుగుతుంది. ఎక్కి పోయేది పైకి, స్వప్న దగ్గరికే. జ్యోతికను ఫిజిక్స్ ట్యూషన్‌కు దిల్‌సుఖ్‌నగర్‌లో చేర్పించాను. బోరు మోటారు బాగైంది, ఆ మెకానిక్ మాత్రం మూడు సార్లు తిప్పించుకున్నాడు.

ఇక నాలుగో ప్రశ్న. "ఇంటి లెక్కలు కంప్యూటరులో రాసుకోవడానికి ఏ సాఫ్ట్‌వేర్ తీసుకుంటావు? స్వప్నను అడుగు. స్వప్నకు బాగా తెలుసు. స్వప్న వాడేదే పెట్టించుకో. స్వప్న తెలివైన పిల్ల." మీ ఉత్తరంలో మీ తమ్ముడి భార్య పేరు నాలుగు సార్లు ఉందండీ. నా పేరు ఒక్కసారే ఉంది, అది కూడా కవరు మీద.

దాచడమెందుకు, నాకు కుళ్లు. ఈ మధ్య వచ్చింది కాదు, స్వప్న ఈ ఇంట్లో కాలు పెట్టిన రోజు నుంచే ఉంది. కానీ అల్మాస్‌గూడలో మీ అన్నదమ్ములిద్దరూ కలిసి ఇల్లు కట్టడం మొదలుపెట్టి, ఆ లెక్క అత్తమ్మ తీసుకెళ్లి స్వప్న చేతిలో పెట్టినప్పటి నుంచి అది నా కడుపులో చింతపండులా పులిసిపోయింది. పద్దెనిమిదేళ్లు ఈ ఇంటి లెక్క రాసింది నేను. పప్పు డబ్బాల వెనక నా నోటుబుక్కులు పద్దెనిమిది ఉన్నాయి. నెలకోసారి స్వప్న రంగురంగుల కాగితం పట్టుకుని కిందికి దిగుతుంది. అందులో ఒక గుండ్రటి బొమ్మ, సిమెంటుకు ఇంత ముక్క, ఇసుకకు ఇంత ముక్క. చదువు రాని అత్తమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎంత ముద్దుగున్నదే! చూడంగనే తెలుస్తున్నది. నీ పుస్తకం నీకు తప్ప ఎవ్వరికీ సమజ్ గాదు" అని నాతో అంటుంది. పొరుగింటి పుల్లకూర సంగతి తెలుసు గానీ, పై అంతస్తు పుల్లకూర ఇంత రుచి అని నాకు ఇప్పుడే తెలిసింది.

అందుకే స్వప్నను అడగలేదు. ఆమె వాడేది తప్ప ఇంకేదైనా తీసుకోవాలనుకున్నాను. జ్యోతిక ఇంటర్నెట్‌లోంచి ఒకటి ఉచితంగా దింపింది. అందులో ప్రతి రూపాయినీ రెండు చోట్ల రాయాలట. కొత్తిమీర కట్టకు కూడా రెండు చోట్లా! ఇంకొకటి అమెరికా వాళ్లది, దాంట్లో డాలరు గుర్తు పోనే పోలేదు. పైగా ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ చదివింపులకు చోటు లేదండీ. ఒకరి ఫంక్షనుకు మనం రాయిస్తాం, మన ఫంక్షనుకు వాళ్లు దానికి నాలుగు రాళ్లు కలిపి రాయిస్తారు. అది ఖర్చూ కాదు, రాబడీ కాదు. పోయిందని రాస్తే తప్పు, వస్తుందని రాస్తే సిగ్గు. స్వప్న కూడా వాటిని కంప్యూటరులో ఎక్కించలేదు. ఆమె చేయనిది నేను చేసి చూపిస్తానని పంతం పట్టాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటరు కోర్సులు చెప్పే గల్లీలో త్రినాథరావుగారని ఒక ఆంధ్రా ఆయన కొట్టు ఉంది. "ఇదైతే అంతా తెలుగులోనే ఉంటుందండీ, అమ్మగారూ. ఎవరు ఎంత ఇవ్వాలో, మీరెవరికి ఎంత ఇవ్వాలో అన్నీ చూపిస్తుంది. చిన్నచిన్న ఫైనాన్సులు నడిపేవాళ్లు కూడా ఇదే పట్టుకెళ్తున్నారు" అన్నాడు. తెలుగు అనగానే నేను పడిపోయాను. స్వప్నది ఒట్టి ఇంగ్లీషు కదా! పద్దెనిమిది వందలు పెట్టి కొన్నాను. ఫైనాన్సు అన్న మాట చెవిలో పడింది గానీ బుర్రకు ఎక్కలేదు.

నాలుగు రోజులు కూర్చుని మనం చదివించినవన్నీ ఎక్కించాను, నలభై ఒక్క మంది పేర్లు, తారీఖులు, ఫోను నంబర్లతో సహా. 'ఇచ్చినది' అని ఒక గది ఉంటే అందులో రాశాను. నెలకు నూటికి వడ్డీ ఎంత అని అడిగింది. ఖాళీగా వదిలితే ముందుకు పోనివ్వలేదు. పోనీలే అని ఒకటి కొట్టాను. పైన ఖాతా పేరు అడిగితే అత్తమ్మ మురిసిపోవాలని ఆమె పేరుతోనే 'ముత్తమ్మ కుటుంబం' అని పెట్టాను. చివర్లో 'గుర్తు చేయమంటారా?' అని అడిగింది. రేపు వాళ్లింట్లో శుభకార్యాలప్పుడు నాకు గుర్తు చేస్తుందనుకుని, చేయమన్నాను.

అది గుర్తు చేసింది నాకు కాదండీ, వాళ్లకు. పోయిన వారం సోమవారం సాయంత్రం నలభై ఒక్క మంది చుట్టాల ఫోన్లకు ఒకేసారి పోయింది. "మీరు ముత్తమ్మ కుటుంబానికి చెల్లించవలసిన బాకీ గడువు దాటినది. వడ్డీతో సహా వెంటనే చెల్లించగలరు." కింద ఎవరి లెక్క వాళ్లకు, నెలలు, పైసలతో సహా.

మంగళవారం పొద్దున మట్టయ్య మామ దిగాడు. డెబ్బై నాలుగేళ్ల మనిషి, అత్తమ్మకు ఒక్కగానొక్క అన్న. నకిరేకల్ అవతలి నుంచి బస్సులో వచ్చి, ఎల్బీ నగర్‌లో దిగి, ఆటోకు డబ్బు దండగని అక్కడి నుంచి నడిచి వచ్చాడు. మంచినీళ్లు ఇస్తే తాగలేదు. రుమాలు విప్పి చెల్లెలి చేతిలో డబ్బులు పెట్టాడు.

"నా మనుమరాలి లగ్గానికి ఐదు వందల పదహారు సదివిచ్చిండ్రు గదా, చెల్లె. ముప్పై నెలల మిత్తితోని ఆరు వందల డెబ్బై రూపాయల ఎనబై పైసలయిందంట. ఆరు వందల డెబ్బై ఒకటి తెచ్చిన. ఇరవై పైసలు నీ దగ్గర్నే ఉంచుకో, నాకు చిల్లరొద్దు."

అత్తమ్మ ముఖం చూడలేకపోయాను. "గీ పని ఎవరు చేసిండ్రు?" అని అరిచింది. చప్పుడు విని స్వప్న మెట్లు దిగి వచ్చింది. కంప్యూటరు అనగానే అందరి చూపూ ఆమె మీదే. నేను అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. పైగా ఏమన్నానో తెలుసా? "కంప్యూటరు సంగతులు నాకేం తెలుసు, అత్తమ్మా. మనింట్ల అవి స్వప్నకే ఎరుక" అన్నాను. అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు చూడండి. అబద్ధం ఆడకుండానే ఒక మనిషి గొంతు కోయొచ్చని ఆ రోజు నాకు తెలిసింది.

స్వప్న నా వైపు ఒక్కసారి చూసింది. తర్వాత మామ కాళ్లకు దండం పెట్టి, "తప్పయింది మామా, మనసుల పెట్టుకోకు" అంది. మామ వినకుండానే లేచిపోయాడు.

నిజం రాస్తున్నాను, నన్ను తిట్టండి: ఆ రోజు నాకు సంతోషమైంది. కడుపు నిండా అన్నం తిన్నాను. శుక్రవారం అత్తమ్మ అల్మాస్‌గూడ ఇంటి చెక్కుబుక్కు, బిల్లుల కవరు స్వప్న దగ్గర నుంచి తెప్పించి నా ఒళ్లో పెట్టింది. "ఇగ నువ్వే చూడు బిడ్డా, నీ చెయ్యే నయం" అంది. ఏ మాట కోసం ఇన్నేళ్లు మొహం వాచి ఉన్నానో ఆ మాటే అంది. తీసుకున్నాను. తీసుకుని నా బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాను.

ఈ వచ్చే ఆదివారం అభిలాష్‌కు ధోతి ఫంక్షన్ అని మీకు తెలుసు కదా. స్వప్న కొడుకు ఫంక్షనుకు ఎవరూ రామంటున్నారని తర్వాత తెలిసింది. "పోతే ఎంత రాయిస్తే ఎంత మిత్తి వేస్తరో" అని చుట్టాల్లో ఒకటే నవ్వులు, ఒకటే తిట్లు. వాళ్లు తిట్టేది స్వప్ననే. అయినా గుమ్మడికాయల దొంగలాగా నా భుజాలు నేనే తడుముకుంటూ తిరిగాను. ఈ సోమవారం మెట్ల మీద నిలబడి ఆమె వంటవాళ్లతో ఫోనులో మాట్లాడుతుంటే విన్నాను. మూడు వందల ప్లేట్లు నూట ఇరవైకి తగ్గించమంటోంది. "ఎందుకు మేడం?" అని వాడు అడిగినట్టున్నాడు. "మావోళ్లు తక్కువే ఉంటరన్నా" అంది. పిల్లవాడు పక్కనే నిలబడి వింటున్నాడు. ఇంక నా వల్ల కాలేదు.

మొన్న మంగళవారం తెల్లవారగానే బస్సెక్కి మట్టయ్య మామ ఊరికి పోయాను. ఆరు వందల డెబ్బై ఒకటి ఆయన ముందు పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. తిడతాడనుకున్నాను.

"ఆ పిల్ల కాళ్లకు మొక్కితే మొహం తిప్పుకొని వచ్చిన. నువ్వు జేసిన తప్పుల నన్ను గూడ కలిపినవు గదనే, నాగేశ్వరీ" అన్నాడు. ఆ మాటకంటే నాలుగు దెబ్బలు కొట్టినా బాగుండేది.

సాయంత్రం ఇంటికి వచ్చి స్వప్నను కిందికి పిలిచి అత్తమ్మ ముందు అంతా ఒప్పుకున్నాను. అత్తమ్మ బీరువా తాళం కోసం చెయ్యి చాపింది. చెక్కుబుక్కు, బిల్లులు తీసి స్వప్న ఒళ్లో పెట్టి, లోపలికి పోయి పడుకుంది. మొన్నటి నుంచి నాతో మాట్లాడటం లేదు.

"నాకు అప్పుడే తెలుసక్కా" అంది స్వప్న. "నా దాంట్ల మెసేజులు పంపుడే లేదు. మీ కంప్యూటర్ మీద ఆ కొత్త సాఫ్ట్‌వేర్ డబ్బా చూసిన."

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్తే ఎవరు నమ్ముతుండె? పదమూడేండ్ల సంది చూస్తున్న. అత్తమ్మకు పానం బాగలేకుంటే మిమ్మల్నే పిలుస్తది. పండుగకు ఏం వండాల్నో మిమ్మల్నే అడుగుతది. బావగారు ఉత్తరం రాసేది మీకే. నా దగ్గరికి వచ్చేది ఆ కాగితం కోసమే. ఈ ఇంట్ల నాకున్నది గా కంప్యూటర్ ఒక్కటే. అది గూడ మీకే కావాల్నా, అక్కా?"

ఏడవకుండా అడిగింది. చెక్కుబుక్కు, బిల్లులు పట్టుకుని మెట్లెక్కి పోయింది.

నిన్న పొద్దున్నుంచి మిగతా నలభై మందికీ ఫోను చేశాను. తప్పు నాదేనని, స్వప్నకు ఏ సంబంధమూ లేదని ఒక్కొక్కరికీ చెప్పాను. కొందరు నవ్వారు, ఇద్దరు మధ్యలోనే పెట్టేశారు. ఆదివారం ఫంక్షను హాలు గుమ్మం దగ్గర నేనే నిలబడి, వచ్చిన వాళ్లందరికీ ఇదే మాట ముఖం మీద చెబుతానని స్వప్నతో అన్నాను. సరే అనలేదు, వద్దనలేదు.

ఈ ఉత్తరం మీకు అందేసరికి ఆదివారం గడిచిపోయి ఉంటుంది. ఎంతమంది వచ్చారో, మట్టయ్య మామ వచ్చాడో లేదో స్వప్ననే అడిగి తెలుసుకోండి. నన్ను అడగొద్దు. నేను చెప్పేది నమ్మాలో వద్దో మీకు తెలియకుండా చేసుకున్నది నేనే.

చలిలో జాగ్రత్త. కోపం వచ్చినా సరే, రెండు ముక్కలు రాయండి.

ఇట్లు,
తప్పు చేసిన మీ ఇల్లాలు,
నాగేశ్వరి