కోదాడ నుంచి వచ్చిన కార్డు

మిర్యాలగూడ,
15-6-1989, గురువారం.

సాలికి,

జవహర్ రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది. మోతె తండాలో మీ అమ్మకు కాలి నొప్పి తగ్గి, నువ్వూ సువర్ణా నిమ్మళంగా ఉన్నారని తలుస్తున్నాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. అడిగినవాటికి వరసగా జవాబు చెబుతాను. అన్నం ఇంట్లోనే వండుకుంటున్నాను. కూర మాత్రం రోజూ టమాటానే. వెనక గదిలో కారేచోట ఐలన్న వచ్చి నాలుగు పెంకులు మార్చిపోయాడు. సువర్ణ బడికి పోయి పంతులమ్మతో మాట్లాడాను. అమ్మమ్మ లేచి తిరిగేదాకా ఆగుతామని, పేరు కొట్టేయబోమని చెప్పింది. సూర్యాపేట దవాఖానలో పిండికట్టు ఎప్పుడు విప్పుతామన్నారో రాయి. కట్టు విప్పగానే నడిపించొద్దు.

ఇక నీ చివరి ప్రశ్న. సత్యానందం సార్ దగ్గర నుంచి కార్డేమైనా వచ్చిందా అని నువ్వు అడగడం ఇది రెండోసారి. దానికి జవాబు కోసమే ఇన్ని కాగితాలు ముందు పెట్టుకున్నాను. బస్సెక్కితే సగం రోజులో మోతె వచ్చి చెప్పొచ్చు. కానీ నీ ఎదురుగా కూర్చుంటే మాట మార్చేస్తానని నాకు తెలుసు. కాగితం మీదైతే రాసింది కొట్టేసినా కనిపిస్తుంది.

జరిగినవన్నీ నువ్వు చూసినవే. కానీ నా వైపు నుంచి నువ్వు చూడలేదు. అందుకే మొదటి నుంచి చెబుతున్నాను.

హైదరాబాదులో మూడేళ్లు లా చదివి, అన్ని పేపర్లూ పాసై, రాజ్యాంగం ఒక్కటే రెండుసార్లు తప్పాను. పగలంతా కోర్టులో కాపీయిస్టుగా ఎవరో ఇచ్చిన తీర్పులకు నకళ్లు రాయడం, సాయంత్రం ఇంటికొచ్చి అర్థంకాని పుస్తకం ముందు కూర్చోవడం. చెప్పేవాడు దొరికితే బాగుండునని పోయినేడాది ఎండాకాలమంతా తిరిగాను. సూర్యాపేటలో ఆ పెద్ద వకీలు ఏమన్నాడో నీకు చెప్పి నవ్వాను గానీ, ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. "రాజ్యాంగం మన కోర్టుదాంక రాదు తమ్మీ. గీడ పొలం గట్ల పంచాయితీలు, అన్నదమ్ముల పాళ్ల పంచాయితీలు. అది నేర్చుకుని ఏం జేస్తవ్?" అన్నాడు. మిర్యాలగూడలో లెక్చరర్ ఒకాయన గైడు తెరిచి నాకే చదివి వినిపించాడు. అది నేనూ చదవగలను.

చివరికి దొరికింది నీ వల్ల. మీ ఊరి బస్సులో పక్కన కూర్చున్న అచ్చమ్మ గారిని నువ్వు మాటల్లో పెట్టి, వాళ్లాయన సత్యానందం సార్ గుంటూరులో ఇరవై ఆరేళ్లు లా పాఠం చెప్పి కోదాడలో స్థిరపడ్డారని తెలుసుకున్నావు. ఇంటికొచ్చి ఆ మాట చెప్పినప్పుడు నేను సంతోషపడ్డాను. దానితోపాటే కొంచెం ముల్లు కూడా గుచ్చుకుంది. మూడు నెలలు నేను తిరిగిన పనిని నువ్వు ఒక్క బస్సు ప్రయాణంలో చేశావు.

మొదటి ఆదివారం కోదాడలో నేను సార్ దగ్గర పాఠం వింటుంటే నువ్వు వరండాలో సువర్ణను ఆడిస్తూ కూర్చున్నావు. రెండో ఆదివారానికి గడప దగ్గరకు జరిగావు. మూడో ఆదివారం నువ్వు అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ మాట మాటా గుర్తుంది.

"సార్, ఒకటి అడగాల్నా? మా మేనత్తను జగ్గయ్యపేట దిక్కు తండాకు ఇచ్చిన్రు. ఆమె పిల్లలు ఎప్పటినుంచో ఎస్టీలు. మేము డెబ్బై ఆరు దాంక కాదు. రాష్ట్రం ఒకటే, భాష ఒకటే, మా నాయనా ఆమే ఒక్క తల్లి పిల్లలు. మరి గదెట్ల అయితది?"

సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇన్నేళ్లలో ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదమ్మా. ఇట్రా, లోపలికొచ్చి కూర్చో" అని తనే పోయి రెండో కుర్చీ తెచ్చి వేశారు. మూడువందల నలభై రెండో అధికరణం తీసి, ఆంధ్ర, హైదరాబాదు రాష్ట్రాలు కలిసినా ఎస్టీ జాబితాలు పాత హద్దుల ప్రకారమే ఉండిపోయిన సంగతి, డెబ్బై ఆరులో పార్లమెంటు ఆ హద్దులు ఎత్తేసిన సంగతి చెప్పారు. ఆ అధికరణం నేను పదిసార్లు చదివాను. మన లంబాడీల సంగతే అది, సాలీ. నేను ఎస్టీ హాస్టల్లో సీటు తెచ్చుకున్నవాణ్ని. అయినా అది మన సంగతని నాకు తట్టలేదు.

ఆ రోజు నుంచి సార్ మాట నా వైపు చూసి మొదలుపెట్టి నీ వైపు చూసి ముగించేవారు. నన్ను "ఏమయ్యా" అనేవారు, నిన్ను "అమ్మా సాలీ" అనేవారు. నేను జవాబు చెబితే తల ఊపేవారు. నువ్వు చెబితే అచ్చమ్మ గారిని పిలిచి "విన్నావా" అనేవారు. తిరుగు బస్సులో నువ్వు పాఠం మళ్లీ చెప్పబోతే నేను నిద్రపోయినట్టు కళ్లు మూసుకునేవాణ్ని. ఒక్కరోజు కూడా నిద్ర పట్టలేదు.

కార్తీకంలో ఓ ఆదివారం, పాపకు దగ్గుంది, నువ్వు రాకు అన్నాను చూడు, పాపకు దగ్గు లేదు. ముందురోజు రెండుసార్లు తుమ్మిందంతే. నువ్వు నమ్మి ఉండిపోయావు. ఆ రోజు సార్ రెండో కుర్చీ వైపు చూసి, "అమ్మాయి రాలేదేం?" అని అడిగి, పాఠం అరగంట ముందే ముగించారు. నా కోసం చెప్పించుకోవడానికి పోయిన పాఠంలో నేనే పరాయివాణ్నయ్యాను.

పరీక్షలో ముప్పై రెండో అధికరణానికీ రెండువందల ఇరవై ఆరుకూ తేడా అడిగారు. నువ్వు మీ అమ్మకు మన భాషలో చెప్పిన మాటే నాకు గుర్తొచ్చింది. ఒకటి సుప్రీంకోర్టు, పెద్దింటి తలుపు, హక్కు పోయినవాళ్లు నేరుగా కొట్టొచ్చు. రెండోది హైకోర్టు, మన ఊరికి దగ్గరి తలుపు, అక్కడ ఇంకా ఎక్కువ ఫిర్యాదులు వింటారు. అదే ఇంగ్లీషులోకి మార్చి రాశాను. యాభై ఎనిమిది మార్కులు వచ్చాయి. మిఠాయి నువ్వే పంచావు. వాడంతా నిన్ను వకీలు పెండ్లామని పిలిస్తే నువ్వు నవ్వావు. ఆ నవ్వు చూసి కూడా నాకు కుళ్లే కలిగింది. నీకు నిజంగా సంతోషమే ఉంది. నీ స్థానంలో నేనుంటే అంత సంతోషపడేవాణ్ని కాదు.

ఇక పోయిన శుక్రవారం సంగతి. త్రిపురారం దగ్గర తండా నుంచి మంగ్త్యా కాకా వచ్చాడు. చేతిలో మండలాఫీసు నోటీసు ఉంది. కాలువ మీది ఎకరన్నర పదిహేను రోజుల్లో ఖాళీ చేయాలని. తొమ్మిది రోజులు అప్పటికే పోయాయి. ఇరవై ఏళ్ల నుంచి పట్టా కాగితంతో దున్నుకుంటున్న భూమి.

"సాలి లేదా బిడ్డా?" అని అడిగాడు.

"వాళ్లమ్మ కాలు ఇరిగింది కాకా, మోతె పోయింది. నాకు సూపియ్యి."

"ఆమెకు సూపిద్దామని తెచ్చిన."

"వకీలు సదివింది నేను గదా."

ఆయన వెటకారంగా అనలేదు. ఉన్నమాట అన్నట్టే అన్నాడు. "సదివినవ్ బిడ్డా, కాదన్నానా. నువ్వు కాగితం సదువుతవ్. ఆమె నన్ను అడుగుతది."

నేను మొదటి పేజీ చూసి కాగితం తిరిగిచ్చేశాను. "సర్కారు ఇచ్చిన భూమి, సర్కారు అడిగితే ఇయ్యాల్సిందే. ఏం జేయలేం" అన్నాను. రెండో పేజీ తిప్పలేదు. కాకా కాగితం మడిచి రుమాలులో కట్టుకుని, మంచినీళ్లు కూడా తాగకుండా పోయాడు. ఒక మనిషి నీ పేరు అడిగినందుకు ఆయన పొలం పోతే పోనీ అనుకున్నాను. ఇది రాయడానికే సిగ్గుగా ఉంది, కానీ అప్పుడు అలాగే అనుకున్నాను.

శనివారం కోర్టులో ఒక తీర్పుకు నకలు రాస్తుంటే 'ప్రతివాదిని విచారించకుండా' అన్న మాట వచ్చింది. కాకానూ ఎవరూ విచారించలేదు, నేను కూడా అడగలేదని అప్పుడు తట్టింది. అర్ధరోజు సెలవు పెట్టి త్రిపురారం బస్సెక్కాను. కాకా ఎద్దును అమ్మడానికి బేరం మాట్లాడుతున్నాడు. ఆయనను ఆపి, తెల్లారి కోదాడ తీసుకుపోయాను.

సత్యానందం సార్ నోటీసు చదవకముందే ఆయనను కూర్చోబెట్టి అడిగారు. ఎవరైనా వచ్చి కొలిచారా, నిన్ను పిలిచి ఏమైనా అడిగారా, పట్టా ఎవరికైనా చూపించావా అని. కాకా అన్నింటికీ జవాబు చెప్పాడు. తర్వాత సార్ నా వైపు తిరిగారు.

"ఏ చట్టం కింద తీసుకుంటున్నారో ఇందులో ఒక్క ముక్క లేదు. ఈయన చెప్పుకునేది ఎవరూ వినలేదు. మూడువందల-ఎ ఏం చెబుతుందయ్యా?"

చెప్పాను. చట్టం అధికారం లేకుండా ఎవరి ఆస్తీ తీసుకోకూడదని.

"తెలుసన్నమాట. మరి శుక్రవారం ఈయనకెందుకు చెప్పలేదు?"

సార్ ఆ నోటీసుకు జవాబు రాయించారు, నేను ఇంగ్లీషులో టైపు కొట్టాను, సోమవారం రిజిస్టర్ పోస్టులో పంపాం. నిన్న నేనూ కాకాతో ఆ ఆఫీసుకు పోయాను. విచారణ పెడతామని, అప్పటిదాకా ఖాళీ చేయక్కర్లేదని రాసిచ్చారు. పూర్తిగా గెలిచినట్టు కాదు. కానీ ఈ వానలకు ఆయన నాటేసుకోవచ్చు. ఎద్దును అమ్మలేదు.

ఆదివారం మేం లేవబోతుంటే సార్ అడిగారు. "సాలికి రాసిన కార్డుకు జవాబే లేదు. ఏమంటుంది?"

అవును సాలీ. కార్డు వచ్చింది. మే పద్దెనిమిదిన వచ్చింది. ఇద్దరి పేర్ల మీద వచ్చినా, ఉన్న మాటలన్నీ నీకే. నువ్వు బి.ఏ. పాసయ్యావు కాబట్టి లా ప్రవేశ పరీక్ష రాయాలని, దరఖాస్తుకు ఈ నెల ముప్పై ఆఖరని, పరీక్షదాకా ప్రతి ఆదివారం తనే చెబుతానని రాశారు. చివర 'నా దగ్గర చదివినవాళ్లలో నీలా అడిగినవాళ్లు లేరు' అని ఉంది. ఆ ఒక్క వాక్యం చదివి కార్డును ఆఫీసు బీరువాలో పాత రిజిస్టర్ల కింద పెట్టాను. నువ్వు అడిగితే రాలేదని రాశాను. నెల రోజులు రోజూ ఆ బీరువా తెరిచాను, మూశాను.

సార్‌తో కూడా అబద్ధమే చెప్పాను. "ఆమె వద్దంది సార్. పాప చిన్నది, ఇల్లు చూసుకోవాలంది" అన్నాను. మంగ్త్యా కాకా నా ముఖం చూశాడు. సార్ సొరుగులోంచి దరఖాస్తు తీసి నా చేతిలో పెట్టారు. తనే తెప్పించి ఉంచారు.

"ఇది ఆమె చేతికివ్వు. వద్దంటే, వద్దని ఆమె చేత్తో రాయించుకురా" అన్నారు.

ఆ కార్డూ, ఆ దరఖాస్తూ ఈ కవర్లోనే ఉన్నాయి. దరఖాస్తులో నేను ఒక్క అక్షరం రాయలేదు. నీ సర్టిఫికెట్లు ట్రంకుపెట్టెలోంచి తీసి నకళ్లు చేయించాను, అవీ ఉన్నాయి. పాప గురించి పరేషాన్ కావద్దు. ఆదివారాలు నేను చూసుకుంటాను, మీ అమ్మను కూడా ఇక్కడికే తెచ్చుకుందాం. సీటొస్తే హైదరాబాదు ఎలా పోవాలన్నది అప్పుడు ఇద్దరం కూర్చుని ఆలోచిద్దాం.

నాకు కుళ్లు పోయిందని రాస్తే మళ్లీ అబద్ధమవుతుంది. పోలేదు. నువ్వు నల్లకోటు వేసుకుని మా కోర్టు మెట్లెక్కితే, నీ వాదన మీద వచ్చిన తీర్పుకు నేను నకలు రాయాల్సి వస్తుందేమో అని ఇప్పుడే కుళ్లుకుంటున్నాను. ఉండనీ. అది నేను పడాల్సింది. నీ దారికి అడ్డం రావాల్సింది కాదు.

ఈ ఉత్తరం నీకు సోమవారానికి అందొచ్చు. చదివాక నీకు ఎంత కోపం రావాలో అంత రానీ. నాతో మాట్లాడకపోయినా సరే. ముందు సంతకం పెట్టి దరఖాస్తు పోస్టులో వెయ్యి, నన్ను తిట్టడానికి ఆఖరు తేదీ లేదు.

సువర్ణకు ముద్దులు. మీ అమ్మకు నా దండాలు.

ఇట్లు,
నీకు మంచి చేయాల్సినవాడు, ఆలస్యంగా చేస్తున్నవాడు,
నీ పెనిమిటి,
జవహర్.