ఈశాన్యం మూల మెట్లు

మామయ్యా,

ఫోన్ చేస్తే "వాస్తు సంగతి నీకేం తెలుసే" అని పెట్టేస్తారు. అందుకే రాస్తున్నాను.

గుంటూరు నడిబొడ్డున వీరాంజనేయులు గారి కాలేజీకి పద్నాలుగంతస్తుల బిల్డింగు ప్లాన్ గీస్తున్నది నేనే. కింద పిల్లలకు లైబ్రరీ, క్యాంటీన్, ఆటల హాలు. పైనంతా హాస్టలు. ఒకవైపు పొగ కమ్మితే ఇంకోవైపు నుంచి దిగడానికి రెండో మెట్లు ఉండి తీరాలి. స్థలం ఇరుకు, వాటికి ఈశాన్యం మూల తప్ప చోటు లేదు.

ఈశాన్యంలో మెట్ల దారి ఉంటే యజమానికి అరిష్టమని మీరు వీరాంజనేయులు గారికి చెప్పారట. నిన్న ఆయన నవ్వుతూ, "పర్మిషన్ కోసం ఆ మెట్లు ఉంచమ్మా. ఇన్‌స్పెక్షన్ అయ్యాక వాటికి అడ్డంగా గోడ కట్టేద్దాం" అన్నారు.

మనింట్లో ఒక్క ఎండుమిరపకాయ పొయ్యిలో పడితేనే అత్తయ్యతో సహా అందరం దగ్గుకుంటూ వీధిలోకి పరుగెత్తుతాం. పద్నాలుగో అంతస్తులో పిల్లలు ఏ వీధిలోకి పరుగెత్తుతారు?

నేను చెబితే చాదస్తం అంటున్నారు. మీరు చెబితే శాస్త్రం అంటారు. దోషానికి శాంతి ఉందని చెప్పండి, హోమం చేయిద్దామనండి, ఏదో ఒకటి అనండి. చిన్నప్పట్నుంచీ మీ వాస్తుని వెక్కిరించినదాన్నే, ఇప్పుడు బతిమాలుతున్నాను.

శంకుస్థాపన శుక్రవారం. ముహూర్తం పెట్టింది మీరేగా. ఆలోపు ఆయనతో మాట్లాడండి. లేకపోతే నేను తప్పుకుంటాను. అప్పుడు ప్లాన్ మీద నా సంతకం ఉండదు, అంతే. గోడ మాత్రం ఉంటుంది మామయ్యా.

మీ మేనకోడలు