‘ఇనుప వాన’ ఎవరికి తెలుసు

మందమర్రి,
జూన్ 9

ప్రియమైన గ్రేస్‌కు,

ప్రభువు నామంలో వందనాలు. నా నంబర్ బ్లాక్ చేశావు, మీ అక్క ఫోన్ ఎత్తదు. అందుకే కాగితం పట్టుకున్నాను. చదవకుండా చింపకు.

హైదరాబాద్‌లో పియానో టీచర్ ఉద్యోగానికి పోతున్నావని మన చర్చి కమిటీలో ఉన్న అంతయ్య మామ చెప్పాడు. పరీక్షలో ‘ఇనుప వాన’ వాయిస్తావట. ఏందది? ఏదో చలిదేశం ఆయన, ఇంకా బతికే ఉన్నాడు, పియానో మీద పిడికిళ్లు, మోచేతులు వెయ్యమని రాసిపెట్టాడు. నువ్వు మన చర్చిలో అది మొదలుపెడితే కాలనీవాళ్లు పియానో రిపేరు చేస్తున్నారనుకున్నారు.

తెలిసినవాళ్లందరినీ అడిగాను. సికింద్రాబాద్ సుగుణ మేడమ్ జీవితమంతా పియానో నేర్పింది. ఆమెకూ ఫోన్ చేశాను. ఆ పేరే వినలేదంది. పియానో వాళ్లకే తెలియనిదాన్ని నువ్వెందుకు పట్టుకున్నావో నాకు తెలుసు. తప్పు పోయినా పట్టుకునేవాడు ఉండడు. దాన్ని ధైర్యం అనరు, దొంగతనం అంటారు.

జర ఆలోచించు. తెలిసిన పాట ఏదైనా వాయించు, లేదంటే ఇంటికి రా.

నీ భర్త,
సాల్మన్


కరీంనగర్,
జూన్ 15

ప్రియమైన సాల్మన్ గారికి,

‘ప్రియమైన’ అని అలవాటుకొద్దీ రాశాను, సంబరపడకండి.

పన్నెండేళ్లు ప్రతి ఆదివారం మీ పక్కన కూర్చున్నాను. ఒకే పియానో మీద నాలుగు చేతులతో వాయించాం. నాకోసం రోజూ ఒక్క గంట అడిగితే మీరు కమిటీకి చెప్పి ఆ పియానోకు తాళం వేయించారు. “ఇంట్ల కూర మాడిపోతుంటది, ఈమెకు మోచేతుల పాటలు గావాల్నట” అని అందరి ముందూ అన్నారు. అంతయ్య మామ కూడా నవ్వాడు. ఆ నవ్వు వినే నేను బస్సెక్కాను.

ఆ రచన పియానో వాయించే ప్రతివాళ్లకూ తెలుసని, తెలిసే భయపడతారని ఇంటర్నెట్‌లో చదివాను. ఎదురుగా ఒక్క మనిషి నోటి నుంచీ వినలేదు, నిజమే. సుగుణ మేడమ్‌కే తెలియకపోతే నేను రెండేళ్లు గోడకేసి తల బాదుకున్నట్టే కదా. మీ ఉత్తరం చదివాక అన్నం సహించలేదు. నాకు అలా కావాలనే రాశారు.

అయినా అదే వాయిస్తాను.

గ్రేస్


మందమర్రి,
జూన్ 24

గ్రేస్,

ఇగ పద్ధతిగ రాసుడు నాతోని కాదు.

ఎల్లుండి నీ పరీక్ష అని తెలిసింది. నువ్వు ఆడ నవ్వులపాలైతే పోయేది నా పేరు గూడ. నీకు పియానో నేర్పింది ఎవరు? పెండ్లైన కొత్తల నీ వేళ్లు పట్టుకొని ఒక్కొక్కటి పెట్టింది నేను. ఇప్పుడు నేను వాయించేది నీకు పిల్లలాట అయింది.

ఆదివారం నా పక్క ఖాళీగుంటది. జనం పాట ఇనరు, గా ఖాళీ దిక్కే చూస్తరు. నౌకరి వస్తే నువ్వు ఇగ రావు. గది నాకు ఎరుకే. గా పాట ఎవ్వలకు తెల్వదు, ఒక్కలకు గూడ తెల్వదు. పోకు.

సాల్మన్


హైదరాబాద్,
జులై 4

సాల్మన్ గారికి,

ఉద్యోగం వచ్చింది. ముందే చెప్తున్నాను, చివరిదాకా ఆశపడుతూ చదవకండి.

గదిలో ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో సుగుణ మేడమ్. ‘ఇనుప వాన’ అనగానే ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వయసులో ఉన్నప్పుడు ముగ్గురూ దాన్ని మొదలుపెట్టి సగంలో వదిలేశారట. పియానో వాళ్లలో అది తెలియనివాళ్లు లేరని, ఆఖరి పేజీ దాకా పోయినవాళ్లే తక్కువని మేడమ్ చెప్పారు. “మీ ఆయన ఫోన్ చేసినప్పుడు ఇదే చెప్పానే, మీకు చెప్పలేదా?” అని అడిగారు. చెప్పలేదన్నాను. మీరు నా భర్త అని ఒప్పుకోవడానికే సిగ్గేసింది.

ఆ కోపంతోనే కూర్చున్నాను. ఒక్క తప్పు పోలేదు. ఆ రచన చివర్లో, ఎక్కడో మధ్యలో తెగినట్టు ఆగిపోతుంది, వెంటనే చేతులు ఎత్తెయ్యాలి. నేను ఎత్తలేదు. మన చర్చిలో ఏ పాటైనా అయిపోగానే, జనం ఆమేన్ పాడడానికి మూడు నాలుగు మెట్లు కలిపి నొక్కే కార్డ్స్ రెండు మెల్లగా వేస్తాం కదా, అవి వేసేశాను. వేసినట్టు నాకే తెలియదు. ఆ ముగ్గురిలో వయసులో చిన్నవాడు పకపకా నవ్వాడు. అది ఎవరికీ తెలియని రచన అయ్యుంటే, ఆ రెండూ అందులోవే అనుకుని ఊరుకునేవారు.

మేడమ్ నవ్వలేదు. ఆఖరి పేజీ మళ్లీ వాయించమన్నారు. చేతులు మళ్లీ ఆమేన్ దగ్గరికే పోయాయి. మీరు పట్టుకుని పెట్టిన వేళ్లే, సరిగ్గా మీరు పెట్టిన చోటే. అక్కడే అందరి ముందూ ఏడ్చేశాను.

మేడమ్ నీళ్లిచ్చి, ఇంకోసారి చూద్దామన్నారు. ఈసారి ఆఖరి స్వరం పడగానే రెండు చేతులూ లాక్కుని ఒళ్లో పెట్టుకున్నాను. ఒకదాన్ని ఒకటి గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. గదిలో చప్పుడు లేదు. “ఇది ఇలాగే ముగుస్తుంది” అన్నారు మేడమ్.

సోమవారం నుంచి పనిలోకి వెళ్తున్నాను. మీరు నేర్పింది నా చేతుల్లో ఇంకా ఉంది. రోజూ కూర్చుని మాన్పించుకుంటాను. నేను రాను.

గ్రేస్