సరోజ చెప్పిన ఉదాహరణలు

సరోజా,

నువ్వు లేకుండా ఒక వానాకాలం, ఒక చలికాలం అయిపోయాయి. గోదావరిఖనిలో ఇప్పుడు ఎండలు ముదిరాయి, ఒంటిపూట బడులు నడుస్తున్నాయి. నేను బాగానే ఉన్నాను. వేళకు తింటున్నాను, బడిలో ఇంగ్లిష్ చెబుతున్నాను, ఇంటికొచ్చి వరండాలో ట్యూషన్ చెబుతున్నాను. బీపీ గోలీ మాత్రం ఒక్కోరోజు మరిచిపోతున్నాను. ఎట్లాగూ నీకు తెలిసిపోతుంది కనుక ముందే ఒప్పుకుంటున్నాను.

"నువ్వు పోయాక" అని మొదలుపెట్టబోయి ఆగాను. ఆ మాట ఈ ఇంట్లో చెల్లదు కదా...

ఇన్నేళ్లు వ్యాకరణం చెప్పీ చెప్పీ, మనుషులు ఏడుస్తూ వచ్చినా నాకు ముందు వాక్యమే వినబడుతుంది. నువ్వు కసురుకునేదానివి. "సారూ, ముందుగాల మనిషి మొఖం జూడు. మాట సంగతి తర్వాత జూద్దువు." చూడలేకపోయాను. నిన్ను చాప మీద పడుకోబెట్టిన రోజు వచ్చినవాళ్లందరివీ ఆశ్చర్యార్థకాలే. అయ్యో అని మొదలయ్యేవి, క్రియాపదం దాకా వచ్చేవి కావు. మూడో రోజుకు ప్రశ్నలు మొదలయ్యాయి. ముందు నుంచి షుగర్ ఉండెనా? నొప్పి అని చెప్పలేదా? దవాఖానకు ఎవరు తీసుకుపోయారు? పదకొండో రోజు దాటాక అందరూ ఆజ్ఞలిచ్చారు. తినమన్నారు, పడుకోమన్నారు, మన పిల్లకు పెళ్లి చేసెయ్యమన్నారు. వాళ్లంతా వెళ్లాక మామూలు వాక్యాలు మిగిలాయి. నీళ్లు వచ్చాయి. కరెంటు పోయింది. వాటితో బతకడం సులువు.

నేను ఏడవలేదు. దాని గురించి కూడా చుట్టాలు మాట్లాడుకున్నారట.

బొగ్గు బాయిలోకి దిగేవాళ్ల కోసం రోజూ భయపడిన మనిషివి. వారపు సెలవు రోజున, మన వంటింట్లో, పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా కూలిపోయావు. దీన్ని ఎట్లా అర్థం చేసుకోవాలి? నాకు ఇప్పటికీ తెలియదు.

వాక్యాల పాఠం యాదికుందా? ఇంగ్లిష్‌లో వాక్యాలు నాలుగు రకాలు. ఉన్న సంగతి చెప్పేది, అడిగేది, ఆజ్ఞాపించేది, ఆశ్చర్యపడేది. మన పెళ్లయిన కొత్తలో, చెప్పే వాక్యానికి ఉదాహరణగా "ఐ యామ్ గోయింగ్" అని బోర్డు మీద రాసి పిల్లలందరి చేతా గట్టిగా అనిపిస్తున్నాను. నేను పోతున్నాను అని తెలుగు అర్థం కూడా వల్లె వేయిస్తున్నాను. నువ్వు ల్యాంప్ రూమ్‌లో డ్యూటీ దిగి వచ్చి కూర కలుపుతున్నావు. గరిటె చేతిలో ఉండగానే వరండాలోకి వచ్చావు.

"ఓ సారూ, నీకేమన్న తెలివున్నదా? ఈ పోరగాండ్ల నాయనలు బాయిల ఉన్నరు. గిప్పుడు పోతున్న, పోతున్న అని అనిపిస్తవా? వచ్చిన అని చెప్పియ్యరాదు?"

చేసేదేముంది... తుడిచేశాను. "ఐ హావ్ కమ్ బ్యాక్" అని రాశాను, తిరిగి వచ్చాను అని. మిగతావి కూడా నువ్వే దగ్గరుండి మార్పించావు. అడిగే వాక్యానికి "అందరొచ్చిన్రా?" అన్నావు. ఆజ్ఞకు "మళ్ల రా" అన్నావు. ఆశ్చర్యానికి "అగో, వచ్చిండ్రు!" అని గరిటె ఊపి మరీ చూపించావు. నేను వాటిని ఇంగ్లిష్‌లో పెట్టాను, అంతే. అప్పటి నుంచి మన ట్యూషన్ పిల్లలు ఏ పరీక్షలోనైనా అవే రాస్తారు. ఒకసారి వాళ్ల బడిలో కాపీ కొట్టారని అందరినీ గోడకు నిలబెడితే, నేను పోయి అవి మా ఇంటావిడ ఉదాహరణలండీ అని చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ రోజంతా నువ్వు నవ్వుతూనే ఉన్నావు.

నీకు వ్యాకరణంతో పనిలేదు. నీకు ల్యాంప్ రూమ్ ఉంది. దిగేవాడు తన నంబరు బిళ్ళ నీకిచ్చి, టోపీకి పెట్టుకునే దీపం తీసుకుంటాడు. పైకి వచ్చాక దీపం అప్పజెప్పి బిళ్ళ పట్టుకుపోతాడు. షిఫ్టు దిగిపోయినా కొక్కేనికి ఒక బిళ్ళ వేలాడుతుంటే ఒక మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. కొక్కేలన్నీ ఖాళీ అయితే తప్ప నువ్వు చాయ్ తాగేదానివి కాదు. ఇంట్లోనూ అదే చట్టం పెట్టావు. డ్యూటీకి బయలుదేరిన మనిషిని ఎటు అని అడగకూడదు. పోతున్నానని ఆ మనిషి అనకూడదు. గడప దగ్గర నువ్వు అననిచ్చింది ఒక్క మాటే, జాగ్రత్తగా తిరిగి రమ్మనే మాట. "పైలంగ రా."

ఈ ఏడు నేను ఆ పాఠం సరిగా చెప్పలేదు. పుస్తకంలో ఉన్నట్టు సూర్యుడు తూర్పున ఉదయిస్తాడని చెప్పి దాటేశాను. పిల్లలు ఊరుకుంటారా? వాళ్ల అక్కలూ అన్నలూ ఇక్కడ చదివినవాళ్లే. అసలు ఉదాహరణలు కావాలన్నారు. తర్వాత చూద్దాం అన్నాను.

ఇక ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానో చెబుతాను. మన బిడ్డకు నీ ఉద్యోగం వచ్చింది. మీ నాయనది నీకు వచ్చినట్టే, నీది మమతకు. నీ కిటికీ దగ్గరే, దీపాలిచ్చే పనిలోనే ఉండవచ్చన్నారు. నాకు నిమ్మళమైంది. కానీ ఆమె మైనింగ్ డిప్లొమా చదివిన పిల్ల, బాయిలోకే దిగుతానంది. ఇప్పుడు ఆడవాళ్లు కూడా దిగుతున్నారు. నువ్వు డ్యూటీలో చేరినప్పుడు లేని సంగతి.

నేను ప్రశ్నలు మొదలుపెట్టాను. లోపల గాలి ఆడుతుందా? అంత దూరం నడవగలవా? తోడు ఇంకెవరైనా ఉన్నారా? అన్నిటికీ ఓపికగా జవాబు చెప్పింది. నేను మళ్లీ అవే అడిగాను. చివరికి పట్టేసింది. నాకు జవాబులు అక్కర్లేదని, వద్దు అనలేక చుట్టూ తిరుగుతున్నానని మొహం మీదే చెప్పింది. నేను వద్దంటే ల్యాంప్ రూమ్‌లోనే ఉండిపోతుందట. ఏదో ఒకటి నేరుగా చెప్పమంది. నీ బిడ్డే కదా.

నిన్ను నేల మీదే పోగొట్టుకున్నాను, ఇప్పుడు ఆమెను నేల కిందికి పంపాలా? నువ్వుంటే ఏమనేదానివి? ఇంతమంది బిడ్డలకు దీపాలిచ్చి పంపావు. మన బిడ్డ ఆ కిటికీ దగ్గరకు వచ్చి నీ చేతిలో బిళ్ళ పెడితే... ఇచ్చేదానివా?

ఎంత ఆలోచించినా ఒక్కటే యాదికొచ్చింది. ఒకరోజు నీకు టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వచ్చాను. కొత్తగా చేరిన ఒకామెకు నువ్వు పని నేర్పుతున్నావు. బయట నిలబడి విన్నాను.

"దీపమిచ్చేటప్పుడు పట్టి ఉంచొద్దు బిడ్డా. నువ్వు గింత ఆపినా ఆయనకు గుబులైతది. గుబులుతోని మనిషి దిగద్దు. ఇచ్చెయ్, పైలం అని చెప్పు, గంతే. భయపడేది ఉంటె ఆయన దిగినంక పడు."

ఆ మాట గుర్తొచ్చిన పొద్దునే మమతను దిగమన్నాను. శిక్షణకు పోయింది, అది అయిపోయింది.

నిన్న ఆమె మొదటిసారి డ్యూటీకి దిగింది, పొద్దుటి షిఫ్టు. సద్ది నేనే కట్టాను. పప్పులో ఉప్పు ఎక్కువైందని తర్వాత తెలిసింది. గడప దగ్గర ఆమె బూట్ల తాళ్లు కట్టుకుంటుంటే నా నోట్లో ఒక ప్రశ్న తిరుగుతూనే ఉంది. మింగేశాను. సంచి అందించి వెంటనే చెయ్యి తీసేశాను. నీ మాటే అన్నాను. నీలా రాలేదు, బడిలో డిక్టేషన్ చెప్పినట్టు వచ్చింది. తలూపి మెట్లు దిగింది.

తర్వాత భయపడ్డాను. నువ్వు చెప్పినట్టే, దిగాక. బడిలో ఏం చెప్పానో నాకే తెలియదు. మధ్యాహ్నం ట్యూషన్ మొదలవగానే ఓపెన్‌కాస్ట్ గని వైపు బ్లాస్టింగ్‌కు కిటికీలు గడగడలాడాయి. రోజూ వినేదే. అయినా చేతిలో చాక్‌పీసు విరిగింది.

ట్యూషన్‌లో వాక్యాల పాఠం తీశాను. ఎందుకు నిన్ననే తీశానో అడగకు. ముందు ఆజ్ఞ రాశాను, తర్వాత ప్రశ్న, తర్వాత ఆశ్చర్యం. చెప్పే వాక్యం చోటు ఖాళీగా వదిలాను. అక్కడ ఏం రావాలో పిల్లలందరికీ తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. వాళ్ల ఇళ్లల్లోనూ ఇదే చట్టం మరి. మనిషి రాకముందే వచ్చిందని అనకూడదు.

షిఫ్టు సైరన్ మోగింది. పైకి వచ్చి, దీపమిచ్చి, బిళ్ళ తీసుకుని, ఇంటికి చేరడానికి ఎంతసేపు పడుతుందో నీ వల్ల నాకు బాగా తెలుసు. ఆ సేపు అయిపోయింది. ఇంకాస్త గడిచింది. నేనేదో చెబుతూనే ఉన్నాను, పిల్లలు గేటు వైపే చూస్తున్నారు...

గేటు చప్పుడైంది. ముఖం నిండా బొగ్గు. నవ్వితే నీ పళ్ల వరుసే. బూట్లు విప్పకుండానే వరండా ఎక్కి, నా చేతిలోని చాక్‌పీసు తీసుకుని, ఆ ఖాళీలో రాసింది. "ఐ హావ్ కమ్ బ్యాక్." చిన్నప్పుడు ఇక్కడే, ఈ చాప మీదే నేర్చుకుంది కదా. పిల్లలు చప్పట్లు కొట్టారు.

అప్పుడు ఏడ్చాను సరోజా. బోర్డు వైపు తిరిగి, పిల్లలు చూస్తుండగానే, వెక్కి వెక్కి ఏడ్చాను. నువ్వు వంటింట్లో పడిపోయిన రోజు రావాల్సిన ఏడుపు నిన్న వచ్చింది. మమత పిల్లలను ఇళ్లకు పంపించి, నా పక్కన కూర్చుంది. స్నానం కూడా చేయలేదు. నా చొక్కా అంతా బొగ్గయింది.

బోర్డు ఇంకా తుడవలేదు. దాని ముందు కూర్చునే ఇది రాస్తున్నాను. మమత ఇవాళ కూడా వచ్చేసింది, లోపల అన్నం వండుతోంది. నువ్వు ఎట్లా ఉన్నావు? అక్కడ నీకు పైలం అని చెప్పడానికి ఎవరైనా ఉన్నారా? ఎంత యాదికొస్తున్నావో!

బోర్డు మీద మొదట రాసిన ఆజ్ఞ ఒక్కటే నీకు రాయలేకపోతున్నాను. రమ్మంటే నువ్వు రాలేవు, ఊరికే గుబులు పడతావు.

ఈ వారమంతా ఆమెకు పొద్దుటి షిఫ్టే. సంచి ఇచ్చి, వెంటనే చెయ్యి తీసేస్తాను.

నీ సారు