నైలాన్ తాడుకు మగ్గం ముడి

కుంభారి,
ఆదివారం

ప్రియమైన మీకు,

మీరు ఫోన్ చేసినప్పుడు అత్తమ్మ స్పీకర్ పెడుతుంది. పక్కింటి యమునాబాయి కూడా వచ్చి కూర్చుంటుంది. వాళ్ల ముందు "బాగున్నా" తప్ప నాకు ఇంకో మాట రాదు. అందుకే కాగితం మీద రాసి, ఫోటో తీసి పంపుతున్నాను. ఏడో తరగతి చదువు, తప్పులుంటే నవ్వకండి.

మాల్వణ్‌లో అతిథులకు సముద్రం కింద చేపలు చూపించే పని బాగానే ఉండేది కదా. శ్రీలంక దాకా వెళ్లి, యుద్ధంలో మునిగిన ఓడ దగ్గరికి దిగడం ఎందుకు? విమానాలను మోసే ఓడ అంటే ఎంతుంటుందో నాకు ఊహకే అందదు. "మీ ఆయన పీనుగుల ఓడల బంగారం దేవుతుండట గద!" అని యమునాబాయి అందరి ముందు అన్నది. నేను తల దించుకుని బీడీ ఆకు కత్తిరించుకున్నాను. అందులో చనిపోయినవాళ్లు ఇంకా అక్కడే ఉన్నారా?

మీ ప్రణాలి

బట్టికలోవా,
మంగళవారం

ప్రియమైన ప్రణాలి,

నవ్వలేదు. మూడుసార్లు చదివాను.

బంగారం లేదు, ఎనభై ఏళ్లు దాటిన ఇనుము. సోలాపూర్ కుంఠా నాకాలో మన పాత గల్లీ ఈ చివర నుంచి ఆ చివరకు ఎంతో, ఓడ అంత. యాభై మీటర్ల లోతులో పక్కకు ఒరిగి ఉంది. చనిపోయినవాళ్లు అక్కడే ఉన్నారు. అందుకే ఏదీ ముట్టుకోము. బాగా శిక్షణ ఉన్న అతిథులకు ఈ చోటు పనికొస్తుందని తేలితే, మా డైవింగ్ కంపెనీ నడిపే నిలేష్ అన్న నన్ను ఇక్కడే పర్మనెంట్ చేస్తాడు. నిన్ను తెచ్చుకుంటాను.

ఓడ లోపల బురద లేస్తే ఏమీ కనబడదు. అందుకని వెళ్తూ సన్నని నైలాన్ తాడు పరుస్తాము, దాన్నే పట్టుకుని తిరిగి వస్తాము. నిన్న తుప్పు అంచు తగిలి తాడు తెగింది. మన మరమగ్గం సాంచ మీద తెగిన పోగుకు వేసే మన ముడి వేసి ఇచ్చాను. నిలేష్ అన్నదీ మన సోలాపూరే. వేలితో తడిమి, "అరే, ముడి ఏడున్నదో దొరుకుతనే లేదు! మగ్గం మీద పెరిగిన చెయ్యంటే గిదీ" అన్నాడు. గురువారం ఆ తాడుతోనే లోపలికి దిగుతాము. ముందు నేనే.

నీ ఋషికేశ్

కుంభారి,
గురువారం పొద్దున

ప్రియమైన మీకు,

ఆ ముడిని నమ్మకండి.

అత్తమ్మ ఇప్పుడే ఫోన్ నా చేతికిచ్చింది, మీ ఉత్తరం ఇప్పుడే చూశాను. మీకు చేస్తే మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. పడవ మీదికి మీరు ఫోన్ తీసుకెళ్లరు కదా.

పెళ్లికి ముందు మా నాయన షెడ్డులో తెగిన పోగులు నేనే కట్టేదాన్ని. ఒకసారి సేటు నైలాన్ పోగు పంపాడు. ఇదే ముడి వేశాను. సాంచ నడవగానే ఒక్కొక్కటే జారిపోయింది. "నున్నటి పోగుకు నూలు ముడి ఏస్తవా, పిచ్చిదానా!" అని నాయన అరిచాడు. మీరు ఎప్పుడూ చాదర్ల నూలు మీదే పని చేశారు.

నిలేష్ గారి నంబర్ మీ పాత కంపెనీ టీషర్టు వెనక రాసి ఉంది. నాలుగుసార్లు నొక్కి, మోగకముందే కట్ చేశాను. "గంత ట్రైనింగైనోళ్లకు నువ్వు ముడి నేర్పుతవా? పరువు తీయకు" అంటున్నది అత్తమ్మ.

ఈ ఫోటో కింది టిక్కులు నీలంగా మారితే...

ప్రణాలి

బట్టికలోవా,
గురువారం సాయంత్రం

ప్రియమైన ప్రణాలి,

నీ ఉత్తరం గదికి వచ్చాక, ఇప్పుడు చదివాను. అందులో ఉన్నదంతా పొద్దున్నే విన్నాను. పడవ మీద అందరూ విన్నారు.

సిలిండర్ వీపుకు కట్టుకుంటుంటే నిలేష్ అన్న ఫోన్ మోగింది. "ఎవరో ఆడమనిషి, మాట్లాడుతలేదు" అని పెట్టేయబోయాడు. అంతలో "అన్నా, ఆయన్ను దిగనియ్యకు!" అని అరుపు. అది నీ గొంతని నేను గుర్తుపట్టలేదు. అన్న స్పీకర్ పెడితే, నైలాన్ మీద ఆ ముడి జారిపోతుందని మీ నాయన షెడ్డు సంగతంతా చెప్పావు.

అందరూ నవ్వారు. నిజం చెప్తున్నాను, నాకు కోపం వచ్చింది. అన్న మాత్రం తాడును బకెట్ నీళ్లలో ముంచి, ముడికి రెండు పక్కలా పట్టుకుని కుదుపుతూ లాగాడు. మూడో కుదుపుకు రెండు కొసలు రెండు చేతుల్లోకి వచ్చాయి. ఆ తర్వాత ఎవ్వరూ నవ్వలేదు.

ముడి లేని కొత్త తాడు తీసుకుని దిగాము. ఇరవై అడుగులు వెళ్లానో లేదో, పైనుంచి తుప్పు రాలి నల్లటి బురద లేచింది. లైటు వేసినా నా చెయ్యి నాకు కనబడలేదు. ఏది పైనో ఏది కిందో తెలియలేదు. వేళ్ల మధ్య తాడు ఒక్కటే తెలిసింది. దాన్ని పట్టుకునే బయటికి వచ్చాను.

అతిథులను లోపలికి తీసుకెళ్లేది లేదని అన్న తేల్చేశాడు, బయటి నుంచి చూపిస్తే చాలట. పర్మనెంట్ సంగతి తర్వాత. నిన్ను ఇంట్లో ఎవరైనా ఏమన్నా అన్నారా?

నీ ఋషికేశ్

కుంభారి,
శుక్రవారం

ప్రియమైన మీకు,

ఎవరూ ఏమీ అనలేదు. ఫోన్ పెట్టాక నాకు ఒక్క ఆకూ సరిగా తెగలేదు. అత్తమ్మ నా చాట తన ముందుకు లాక్కుని, నా బీడీలు కూడా తనే చుట్టింది. సాయంత్రం యమునాబాయి ఓడ మాట ఎత్తితే, "మా కోడల్ని అడుగు, అది చెప్తది" అన్నది. చెప్పాను.

ఆదివారం ఫోన్ చేయండి. స్పీకర్ పెట్టినా సరే, మాట్లాడతాను.

మీ ప్రణాలి