పొట్టి చాకు, జామకర్ర

పర్సుడీహ్,
జంషెడ్‌పూర్.

చిరంజీవి తమ్ముడు సింహాచలాన్ని అక్క మనసారా దీవించి రాసేది. నువ్వు, మరదలు, పిల్లలు కులాసాయే అనుకుంటాను. అమ్మకి ఆయాసం తగ్గిందా? మేమిక్కడ బాగానే ఉన్నాం, కంగారు పడకు. ఎండలే మాడ్చేస్తున్నాయి. ఈ ఉత్తరం మాత్రం అమ్మకి చదివి వినిపించకు.

మీ బావ పనిలో జారిపడ్డాడని రాశాను కదా, అది అబద్ధం. తెగేలా ఉన్న క్రేను వైరుతాడు కింద పని చెయ్యనని ఈయన కూర్చుండిపోతే తక్కినవాళ్ళూ కూర్చున్నారట. ఆ సాయంత్రం కాంట్రాక్టరు దగ్గర లెక్కలు రాసే మున్షీ, వాడి బావమరిది దారికాసి పట్టుకున్నారు. ఒకడు కింద పడేసి అదిమాడు, ఒకడు ఇనప రాడ్డుతో మోకాలి చిప్ప పగలగొట్టాడు. ఆ కాలు ఇక వంగదు.

మంచంలో ఉన్నన్నాళ్ళూ పళ్ళు నూరుతూనే ఉన్నాడు. ఓ రోజు ఉన్నట్టుండి, చేతికర్రలు చెక్కడం నేర్చుకుంటాను, పనిముట్లు తెచ్చిపెట్టు అన్నాడు. చెక్కడానికో, పొడవడానికో ఎవరికి తెలుసు?

సాక్చీ బజారులో నా అవస్థ చూస్తే నవ్వేవాడివి. దుకాణంవాడు ఏది చేతికిచ్చినా, ఇది మనిషి ఒంట్లో ఎంత లోతు దిగుతుందా అనే చూశాను. ఉలి వద్దన్నాను. బాడిస వైపు చూడనే లేదు. కొత్తగా నేర్చుకునేవాడికి చిన్న రంపం, పొట్టి చాకు, ఆకురాయి, గరుకు కాగితం చాలన్నాడు ఆ ముసలాయన. చాకు పొట్టిదైతే చేతికి లొంగుతుందట. నాకు ప్రాణం లేచొచ్చింది. దాని మొన కూడా అరగదీసి ఇమ్మంటే, పసిపిల్లాడికా అని ఎగతాళి చేశాడు. ఆ చాకు వంకాయలోకి కూడా సరిగ్గా దిగదు, తమ్ముడూ.

మేం అద్దెకున్న ఇంటివాళ్ళు జామచెట్టు కొట్టించినప్పుడు ఈయన వేరుముడితో సహా ఓ కర్ర అడిగి పుచ్చుకున్నాడు. పిడికి చిలక తల చెక్కుతానన్నాడు. ఎన్నాళ్ళు అరగదీసినా ముక్కూ రాలేదు, కన్నూ రాలేదు. పిడికిలంత బుడిపె అలాగే ఉండిపోయింది. పాపం, ఇంకా చెయ్యి తిరగలేదు అనుకున్నాను. నీ చిలక గుడ్డులోనే ఉండిపోయిందని ఆటపట్టించాను కూడా.

పోయిన ఆదివారం సంతలో కోళ్ళ బుట్టల దగ్గర మా ఇద్దరికీ మున్షీ కనబడ్డాడు. ఈయన కుంటుకుంటూ వెళ్ళి, పేరు పెట్టి పిలిచి, వాడు తిరగగానే ఆ బుడిపెతో దవడ మీద కొట్టాడు. పళ్ళు ఈకల్లో రాలాయి. పడిపోయాక మోకాలి మీద కొట్టాడు, మళ్ళీ కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. వద్దని నేను అరవలేదు. నాకు హాయిగా ఉంది తమ్ముడూ, ఏం దాచను?

పాత గొడవ తెలిసి పోలీసులొచ్చి ఇల్లంతా తిరగేశారు. దవడ విరిగినవాడు మాట్లాడలేడు, సంతలో ఎవరూ చూడలేదన్నారు. కుంటివాడు ఏం కొడతాడులే అంటూనే చాకు, రంపం, ఆకురాయి మూటగట్టి పట్టుకుపోయారు. మంచం కింద వెతకాలని ఈయన్ని లేపిన జవాను, పడిపోతాడేమోనని ఆ జామకర్ర తనే అందించాడు.

ఇక చాలు, మన ఊరు పోదాం అని కాళ్ళు పట్టుకున్నాను. "ఇంకొకడున్నాడు గదే," అన్నాడు. "ఆడి బావమరిది ఊరెల్లాడు. వత్తాడు గదా. నానేటి కంగారు పడతన్నానా?"

నువ్వు వెంటనే బయల్దేరి రా. వచ్చి మీ బావని తీసుకుపో. నేను ఆపుతానని మాత్రం ధీమాగా ఉండకు. నిన్న కర్రకి రాయడానికి ఆముదం అడిగాడు. వెచ్చచేసి ఇచ్చాను.

అమ్మకి నా నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. అందరం బాగానే ఉన్నామని చెప్పు.

నీ రాక కోసం చూసే అక్క,
పార్వతి